కోస్టారికాలో చారల పాము కరిచాక 24 గంటలు: నా అనుభవం

ముందే చెప్పేస్తున్నాను, నాకేం కాలేదు. ఎడమ చేతి ఉంగరం వేలి కింద రెండు చుక్కల్లాంటి మచ్చలున్నాయి, అవి కూడా చూపిస్తే తప్ప కనపడవు. అయినా ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రాత్రి ఆసుపత్రి మంచం మీద పడుకుని ఫోన్‌లో నేను వెతికింది ఒక్కటే: ఎర్ర, నల్ల, తెల్ల చారల పాము కరిస్తే ఆ తర్వాత గంట గంటకీ ఏం జరుగుతుంది, గండం గట్టెక్కిందని ఎప్పుడు అనుకోవచ్చు. పాము ఎంత పొడవుంటుంది, ఏం తింటుంది, ఏయే దేశాల్లో ఉంటుంది, ఇవన్నీ దొరికాయి. కరిపించుకున్నవాడు మాత్రం దొరకలేదు. కాబట్టి ఆ పని నేనే చేస్తున్నాను.

మేముండేది డాలస్‌లో. 2024 థాంక్స్‌గివింగ్ వారంలో మేమిద్దరం, ఇంకో ఫ్రెండ్ జంట, నలుగురం కలిసి కోస్టారికా వెళ్ళాం. నవంబర్ 23 శనివారం శాన్ హోసేలో దిగి, రెండు రోజులు అగ్నిపర్వతం పక్కన వేడినీళ్ళ స్నానాలు చేసి, 25న సరాపికీ వైపు వచ్చాం. అది కరీబియన్ వైపు పల్లపు అడవి ప్రాంతం, ఎప్పుడూ వానే, ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు. మా లాడ్జిలో విడివిడిగా చెక్క గదులు, ఒక్కో గదికి ఏడెనిమిది మెట్లు, మెట్ల పక్కన నడుమెత్తు రెయిలింగ్, దాని నిండా అల్లుకున్న తీగ. దిగిన రోజే ఓనరు రబ్బరు బూట్లు చేతికిచ్చి చెప్పాడు, రాత్రి టార్చి లేకుండా తిరగొద్దు, అడుగు వేసే చోటూ చెయ్యి పెట్టే చోటూ చూసుకోండి అని. అడుగుల సంగతి గుర్తుపెట్టుకున్నాం.

26 మంగళవారం రాత్రి 8:40. టైం ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, తర్వాత ఈ ప్రశ్న నన్ను కనీసం పదిమంది అడిగారు, ఆ ఇరవై నాలుగు గంటల లెక్కంతా ఇక్కడినుంచే. భోజనం అయ్యాక ఛార్జర్ కోసం ఒక్కడినే గదికి బయల్దేరాను. ఫోన్‌లో ఛార్జింగ్ నాలుగు శాతం ఉందని టార్చి వెయ్యలేదు. అంత తెలివి. మెట్లు తడిగా ఉన్నాయని ఎడమ చెయ్యి రెయిలింగ్ మీద ఆనించి ఎక్కుతుంటే మూడో మెట్టు దగ్గర చేతి కింద తీగ బిగిసింది. గాలికి కదిలినట్టు కాదు, కండ బిగిసినట్టు. ఆ వెంటనే ఉంగరం వేలి కింద బట్టల క్లిప్పు పట్టినట్టు పట్టుకుంది. విదిలిస్తే కూడా వెంటనే వదల్లేదు, ఒక క్షణం వేలాడి, ఊడి, మళ్ళీ తీగలోకే పడింది. గది ముందున్న లైటు వెలుగులో నేను చూసింది మహా అయితే రెండు సెకన్లు. ఎరుపు, నలుపు, మధ్యలో ఇంకేదో లేత రంగు, ఒంటి నిండా గాజులు తొడిగినట్టు చారలు.

నొప్పి పెద్దగా లేదు. నన్ను వణికించింది అదే.

మాది కోనసీమ. నా చిన్నప్పుడు మా పెద్దనాన్నని కట్లపాము కరిచింది. వేసవిలో అరుగు మీద చాప వేసుకుని పడుకున్నాడు, ఏదో చీమ కుట్టిందనుకుని అటు తిరిగి మళ్ళీ పడుకున్నాడు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. పిలిస్తే వింటున్నాడు, కళ్ళు తెరవలేకపోతున్నాడు, తల వెనక్కి వంచి రెప్పల కింది సందులోంచి మమ్మల్ని చూస్తున్నాడు. కాకినాడ తీసుకెళ్ళారు, బతికాడు, పదకొండు రోజులకి ఇంటికొచ్చాడు. ఒంటి నిండా అలాంటి రంగు చారలుండే కోరల్ పాము కూడా కట్లపాము కుటుంబమే, దాని విషమూ నరాల మీదే పనిచేస్తుంది, కాటు దగ్గర వాపూ నొప్పీ అంతగా ఉండకపోవచ్చు. టెక్సాస్‌లో కోరల్ పాములున్నాయి కాబట్టి ఈ మాత్రం నాకు ముందే తెలుసు. తెలియకపోయినా బాగుండేది.

నా కేక విని అందరూ పరిగెత్తుకొచ్చారు. ఎరుపు పక్కన పసుపుంటే విషం, ఎరుపు పక్కన నలుపుంటే పర్లేదు అని అమెరికాలో పిల్లలకి కూడా నేర్పే ఒక పాటలాంటి గుర్తు ఉంది, మా ఫ్రెండు అది అందుకున్నాడు. "ఎరుపు పక్కన ఏముందిరా? సరిగ్గా గుర్తు తెచ్చుకో!" అని ఒకటే గొడవ. నాకేం గుర్తుంటుంది. పైగా ఆ లెక్క ఇక్కడ చెల్లదని, కోస్టారికాలో నిజం కోరల్ పాముల్లోనే రకరకాల చారలవి ఉన్నాయని మర్నాడు డాక్టరు చెప్పింది. మా ఫ్రెండు వాళ్ళావిడేమో చున్నీ తీసి నా మోచేతి పైన గట్టిగా కట్టేసింది, మన ఊళ్ళలో అందరం చూసిందే కదా. ఓనరు వచ్చీ రాగానే చేసిన మొదటి పని ఆ చున్నీ విప్పడం. కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మూడూ సైగ చేసి చూపించాడు. రెండో పని, నా ఉంగరం చూపించి తియ్యమన్నాడు.

అది నవరత్నాల ఉంగరం. పెళ్ళికి ముందు జాతకం చూపించి మా అమ్మ చేయించింది, ఆరేళ్ళుగా వేలికి అలాగే ఉంది. వేలు అప్పటికే కొంచెం ఉబ్బింది. గిన్నెలు తోమే సబ్బు రాసి, తిప్పి తిప్పి లాగితే నాలుగైదు నిమిషాలకి ఊడింది, పాము కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది. ఎవరికైనా చేతి మీద కరిస్తే ఉంగరాలు, గాజులు, వాచీ ముందు తీసెయ్యండి. ఇంకో అరగంట ఆగుంటే కట్టర్‌తో కొయ్యాల్సి వచ్చేదని తర్వాత నర్సు చెప్పింది.

పాముని చంపి తీసుకెళ్దామని మా ఫ్రెండు కర్ర వెతుకుతుంటే ఓనరు, "ఆసుపత్రికి ఒకడిని తీసుకెళ్ళాలా, ఇద్దరినా?" అన్నాడు. ఈ లోపల వాళ్ళబ్బాయి, పదహారేళ్ళుంటాయేమో, తలకి లైటు కట్టుకుని రెయిలింగ్‌కి దూరంగా నిలబడి ఫోన్‌లో జూమ్ చేసి ఫొటోలు తీస్తున్నాడు. ఆ పిల్లవాడికి నేను ఎంత రుణపడ్డానో అప్పుడు తెలియలేదు.

911కి ఫోన్ చేస్తే అంబులెన్స్ రావడానికి నలభై నిమిషాలు పట్టొచ్చన్నారు. 8:58కి ఓనరు పికప్‌లో బయల్దేరాం. 9:15కి ఊళ్ళో చిన్న క్లినిక్. అక్కడ చేతికి సెలైన్ పెట్టి, వాపు ఎంతవరకు ఉందో బాల్‌పెన్‌తో గీత గీసి పక్కన టైం రాశారు, ఇక్కడ విరుగుడు మందు లేదు, పెద్దాసుపత్రికి పంపుతాం అన్నారు. 9:50కి అంబులెన్స్ ఎక్కించారు. నేను ఊహించుకున్న సైరన్ అదీ ఏం లేదు, వానలో మామూలుగా నడిపాడు. పెద్దాసుపత్రికి చేరేసరికి 10:35. అంటే కరిచి దాదాపు రెండు గంటలు, ఇంకా ఒక్క మందూ పడలేదు. దారి పొడుగునా మా ఆవిడ రెండు నిమిషాలకోసారి "నా వైపు చూడు, కళ్ళు పెద్దవి చెయ్యి" అంటూనే ఉంది.

ఎమర్జెన్సీలో ముందు పాస్‌పోర్టు అడిగారు. లాడ్జిలో ఉంది. ఫోన్‌లో ఫొటో చూపిస్తే సరే అన్నారు, అది కూడా మా ఆవిడ ఫోన్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. నర్సుకి ఇంగ్లీషు అంతంత మాత్రం, నా స్పానిష్ మూడు రంగుల దగ్గర ఆగిపోయింది. రోహో, నెగ్రో అన్నాను, ఎరుపు, నలుపు. మూడో రంగు బ్లాంకోనా, అమరీయోనా అని అడిగింది, తెలుపా పసుపా అని. నేను తెలుపన్నాను. మా ఆవిడ పసుపంది, తను పామునే చూడలేదు, నేను అరిచిన అరుపులో ఏదో రంగు విన్నానంటుంది. నర్సు ఏమీ రాసుకోకుండా పెన్ను మూసేసింది.

వాళ్ళు మన మాట నమ్మరు, నమ్మకపోవడమే మంచిది కూడా. కోస్టారికా మొత్తంలో ఏటా ఐదారు వందల మందికి పాముకాట్లు, వాటిలో ఎక్కువ భాగం తెర్సియోపెలో అనే పాముదే, మన రక్తపింజర లాగా రక్తం గడ్డకట్టకుండా చేసే రకం. చారల పాము అని నేనెంత మొత్తుకున్నా ముందు దాన్ని కొట్టిపారేయాలి. దానికి చేసే పరీక్ష చూస్తే ఆశ్చర్యమేసింది. ఒక చిన్న గాజు గొట్టంలో నా రక్తం పోసి, స్టాండులో పెట్టి, కదపకుండా ఇరవై నిమిషాలు వదిలేసింది. మిషను లేదు, ఏమీ లేదు. గోడ గడియారం, నేను, ఆ గొట్టం. ఇరవై నిమిషాలకి వచ్చి దాన్ని మెల్లగా పక్కకి వంచింది. రక్తం కారలేదు, పెరుగు తోడుకున్నట్టు గొట్టానికి అంటుకుపోయి ఉంది. నర్సు బొటనవేలు ఎత్తి చూపించింది. సంతోషించాను, ఒక క్షణం తర్వాత అర్థమైంది, అంటే కోరల్ అయ్యే అవకాశం ఇంకా అలాగే ఉందని.

డాక్టరమ్మ 11:20కి వచ్చింది, ముప్ఫై దాటి ఉండవు, ఇంగ్లీషు బాగా వచ్చు. ఆవిడ చెప్పింది ఇదీ. మన దేశంలో తాచు, కట్లపాము, రక్తపింజర, ఇంకో చిన్న పింజర, నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు ఇస్తారు కదా, ఇక్కడ అలా కాదు. పింజర జాతి పాములకి ఒక మందు, కోరల్‌కి వేరే మందు. రెండూ శాన్ హోసే దగ్గర కొరొనాదోలో ఉన్న క్లోడోమిరో పికాదో ఇన్‌స్టిట్యూట్‌లోనే తయారవుతాయి, అది కోస్టారికా విశ్వవిద్యాలయానిది, 1970 నుంచీ ఉంది. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి వాటి రక్తంలోంచి తీసేదే ఆ మందు. కోరల్ మందు ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంది, అయితే ఇప్పుడే ఇవ్వను అంది. ఎందుకంటే గుర్రపు రక్తం నుంచి వచ్చింది కాబట్టి ఎలర్జీ రావొచ్చు, ఒక్కోసారి అది కాటు కన్నా ప్రమాదం. పైగా కోరల్ అని తేలలేదు. ఒకవేళ కోరల్ పామే అయినా లక్షణాలు పన్నెండు గంటల తర్వాత కూడా మొదలు కావొచ్చు, అందుకని 24 గంటలు కదిలేది లేదు. ఏ చిన్న లక్షణం కనపడినా నిమిషాల్లో మందు మొదలుపెడతాం అంది.

నాకు ఆ లాజిక్ మొత్తం అర్థమైంది. "సరే ఇప్పుడే ఇచ్చెయ్యండి" అన్నాను. నవ్వింది, ఇవ్వలేదు.

ఆ తర్వాత మొదలైంది అసలు పని. ప్రతి అరగంటకి నర్సు వచ్చి అదే వరుస. తల కదపకుండా పైకప్పు మీద ఫ్యాను వైపు కొంతసేపు రెప్ప వాల్చకుండా చూడాలి. వేలు ఒకటా రెండా చెప్పాలి. ఒక చెంచా నీళ్ళు మింగాలి. దిండు మీదనుంచి తల ఎత్తి పట్టుకోవాలి. ఆవిడ వేళ్ళు గట్టిగా నొక్కాలి. చివర్లో నిండా గాలి పీల్చి ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలిగితే అంత, అది చార్టులో రాస్తుంది. మొదటిసారి కంగారులో తెలుగులో మొదలుపెట్టేశాను, ఒకటి, రెండు, మూడు అని, ముప్ఫై ఎనిమిది వరకు వచ్చాను. ఇంగ్లీషులోకి మారబోతే వద్దంది, ఏ భాషలో మొదలుపెడితే చివరిదాకా అదే, లేకపోతే పోల్చడం కుదరదట. తెలుగు రాదు కాబట్టి ఆవిడ వేళ్ళ మీద లెక్కేసుకుంటూ కూర్చునేది. రెండో గంటకి "ఒకాటి, రెందు" అని తనే మొదలుపెట్టి నాకు అందించేది.

మధ్యలో ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదకొండున్నర అంటే మనకి మర్నాడు పొద్దున్న పదకొండు. చెప్పకూడదనుకున్నా గానీ, ఏమో, ఇంకో రెండు గంటల్లో మాట రాకపోతే అన్న ఆలోచన వచ్చింది. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మొన్న నాగుల చవితికి నీ పేరు చెప్పి కూడా పుట్టలో పాలు పోశాను కదరా" అంది. చవితి అయి సరిగ్గా మూడు వారాలు. నాన్న ఫోన్ లాక్కుని, "అన్నయ్యకి లాగా రెప్పలు బరువుగా ఉన్నాయా?" అని అడిగాడు. అందరూ అడుగుతున్నది అదే ప్రశ్న, కానీ నాన్న గొంతులో వింటే ఏడుపొచ్చింది.

రాత్రి 3 గంటల ప్రాంతం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మొత్తం మీద భయంకరమైన భాగం అదే, ఏ వైద్యపు వ్యాసంలోనూ ఉండదు. పొద్దున్న ఐదింటికి లేచి రోజంతా తిరిగిన మనిషికి రాత్రి మూడింటికి రెప్పలు వాలతాయి. అది నిద్రా, విషమా? ఫోన్‌లో సెల్ఫీ కెమెరా పెట్టుకుని కళ్ళు చూసుకుంటున్నాను. ఎడమ రెప్ప కిందికి ఉన్నట్టుంది. పాత ఫొటోలు తీసి పోల్చాను, మా పెళ్ళి ఫొటోలో కూడా ఎడమ రెప్ప కొంచెం కిందికే ఉంది, ముప్ఫై మూడేళ్ళలో నాకు ఆ సంగతి తెలియదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది, ఎంత మింగితే అంత అనుమానం. గోడ మీద గడియారం రెండు ముళ్ళూ రెండ్రెండుగా కనిపించాయి, కళ్ళద్దాలు తీసేసి ఉన్నానని కాసేపటికి గుర్తొచ్చింది. మూడున్నరకి నర్సు వచ్చింది, లెక్క ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. ఆవిడ మొహం మారింది, నా గుండె ఆగినంత పనైంది. డాక్టరమ్మని పిలిచింది. ఆవిడ వచ్చి రెప్పలు, మెడ, అరచేతి పట్టు అన్నీ చూసి, నన్ను లేపి కూర్చోబెట్టి, చల్లటి తడిగుడ్డతో మొహం తుడిపించి, మళ్ళీ లెక్కపెట్టు అంది. ముప్ఫై ఆరు. నిద్రమత్తు. డాక్టరమ్మ ఏమీ అనలేదు, మంచం పక్కన కుర్చీ లాక్కుని పదిహేను నిమిషాలు ఊరికే కూర్చుంది, తన ఫోన్ చూసుకుంటూ.

తెల్లారి 6:20కి ఫొటోలు వచ్చాయి. రాత్రి లాడ్జిలో కరెంటు పోయి నెట్ లేదట, అబ్బాయి పొద్దున్నే సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి పంపాడు. పదకొండు ఫొటోలు, తొమ్మిది మసక. పదో దాంట్లో ఆకు కిందనుంచి తల సగం బయటికొచ్చి ఉంది. 7 గంటలకి డ్యూటీ మారింది, కొత్త డాక్టరు పెద్దాయన, మొదటినుంచీ అంతా మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆయన ఆ ఫొటోని విష సమాచార కేంద్రానికి ఒకటి, తనకి తెలిసిన పాముల నిపుణుడికి ఒకటి పంపాడు. 10:30కి జవాబు వచ్చింది.

కోరల్ కాదు. చెట్ల మీద బతికే నకిలీ కోరల్. దాని శాస్త్రీయ నామం రైనోబోత్రియం బోవాల్లీ, 1916లో ఆండర్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. డాక్టరు ఫొటోని పెద్దది చేసి గుర్తులు చూపించాడు. కళ్ళు పెద్దవి, కంటిపాప పిల్లి కన్నులాగా నిలువుగా ఉంది. తల మెడ కన్నా వెడల్పు. తల మీద ఒక్కో నల్ల పొలుసుకీ తెల్లటి అంచు, సన్నటి జరీ కుట్టినట్టు. నిజం కోరల్‌కి కళ్ళు చిన్నవి, తల ఎక్కడ ఆగి మెడ ఎక్కడ మొదలైందో తెలియదు. ఈ పాముకీ కోరలున్నాయి కానీ నోట్లో బాగా వెనక ఉంటాయి, మనిషికి ప్రమాదం లేదు. పగలు పడుకుని రాత్రుళ్ళు కొమ్మల మీద బల్లుల్లాంటివాటి వేటకి తిరుగుతుంది, చూసినవాళ్ళు చాలా తక్కువ. "నేను ఇరవై ఏళ్ళలో ఒక్కటి కూడా చూడలేదు, అదృష్టవంతుడివి" అన్నాడు. సరేనండి, అయితే వెళ్ళొచ్చా అన్నాను.

"ఫొటోలో పామూ నిన్ను కరిచిన పామూ ఒకటేనని సంతకం పెడతావా?" అన్నాడు.

పెట్టలేను కదా. అలా 8:40 వరకు ఉంచారు. కాకపోతే పరీక్షలు రెండు గంటలకోసారికి తగ్గాయి, తినడానికి ఒప్పుకున్నారు. రాత్రినుంచి మింగడం కష్టమవుతుందేమోనన్న జాగ్రత్తతో ఏమీ పెట్టలేదు. అన్నం, నల్ల బీన్స్ కలిపి వేయించినది తెచ్చారు, దాన్ని గాయో పింతో అంటారు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఆవకాయ ప్యాకెట్ తీసింది. ఆసుపత్రిలో ఆవకాయ వాసనకి పక్క మంచం పెద్దాయన, అరటితోటలో కత్తి తగిలి వచ్చాడు, తనకీ కావాలన్నాడు. ఒక్క ముక్క పెట్టుకుని నీళ్ళు అడిగాడు.

మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసి విషం లేనిదేనట అని చెప్పాను. అక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటింది, పడుకోలేదు. "మరి పాలు ఊరికే పోతాయా?" అంది.

27 రాత్రి 8:40 దాటాక టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి 9:15కి పంపించేశారు. బిల్లు కౌంటర్ సాయంత్రం మూసేస్తారట, మర్నాడు వచ్చి కట్టమని కాగితం ఇచ్చారు. పరాయి దేశస్తుడిని డబ్బు కట్టకుండా ఎలా వదులుతారని నాకే అనుమానమొచ్చింది. 28న, అంటే థాంక్స్‌గివింగ్ రోజు, ఆ కౌంటర్ ముందు రెండు గంటల పది నిమిషాలు నిలబడ్డాం. బిల్లు 2,86,400 కొలోన్లు, దాదాపు 560 డాలర్లు. అంబులెన్స్, రాత్రంతా మంచం, రక్తపరీక్షలు అన్నీ కలిపి. కార్డు తీసుకున్నారు. డాలస్‌లో ఇదే జరిగుంటే ఎంతయ్యేదో లెక్కేసుకునే ధైర్యం చెయ్యలేదు. అక్కడే స్టాంపు వేసిన బిల్లూ, డిశ్చార్జి రిపోర్టూ రెండూ అడిగి తీసుకోండి, రిపోర్టు అడిగితేనే ఇచ్చారు.

వేలు రెండు రోజులు ఉబ్బి ఉంది, దురద ఐదు రోజులు. 29న గైడుతో అడవిలోకి వెళ్ళాం, మా ఆవిడ వద్దంది గానీ ఫ్రెండు జంట ముందే డబ్బు కట్టేశారు. నేను చేతులు జేబుల్లోంచి తియ్యలేదు. ఆ గైడు చెప్పిన సంగతి ఒకటి బాగా నచ్చింది. అక్కడికి దగ్గర్లోనే లా సెల్వా అని పరిశోధనా కేంద్రం ఉంది, అక్కడ బ్రోడీ అనే శాస్త్రవేత్త మట్టిముద్దలాంటి మెత్తటి పదార్థంతో ఉత్తుత్తి పాములు చేయించి అడవిలో పరిచి, వాటి మీద పక్షుల ముక్కు గాట్లు లెక్కపెట్టాడట. మామూలు గోధుమరంగు వాటిని పక్షులు పొడిచాయి, కోరల్ చారలున్న వాటి జోలికి పెద్దగా పోలేదు. అది 1993లో అచ్చయింది. అంతకు ముందే 1975లో స్మిత్ అనే ఆవిడ కోస్టారికా మోట్‌మోట్ పక్షుల్ని పిల్లలప్పటినుంచీ తనే పెంచి, ఎన్నడూ పాముని చూడని వాటికి రంగులేసిన పుల్లలు చూపించిందట. పసుపు, ఎరుపు చారల పుల్లని చూసి అవి వెనక్కి జరిగాయి. ఈ కథ చెప్పి గైడు నా చేతివైపు చూసి నవ్వాడు. పక్షులు దాన్ని చూస్తాయి బాబూ, నేను చూడకుండా చెయ్యి వేశాను.

30న శాన్ హోసేకి తిరిగి వస్తుంటే 32వ నంబరు రోడ్డు మీద కొండచరియ పడి మూసేశారు, వరా బ్లాంకా మీదుగా చుట్టూ తిరిగి వచ్చాం. ఇంకో గంట ఆలస్యమైతే ఫ్లైటు పోయేది. దానికి కూడా ఇన్సూరెన్స్ ఉందని మా ఫ్రెండు గుర్తు చేశాడు, వాడి మీద ఎవరూ నవ్వలేదు.

ఇక ఇన్సూరెన్స్. ఇద్దరికీ కలిపి 38 డాలర్లు పెట్టి తీసుకున్న ట్రావెల్ పాలసీ, కంపెనీ పేరు వద్దులెండి. డిసెంబర్ 3న క్లెయిమ్ పెట్టాను. డిసెంబర్ 19న రిపోర్టు స్పానిష్‌లో ఉంది, ఇంగ్లీషులో అనువాదం కావాలన్నారు, దానికి 45 డాలర్లు నా జేబులోంచే. జనవరి 8న ఇంకో మెయిల్: అడవి జంతువులతో కావాలని ఆడుకుంటే డబ్బు రాదు, కాబట్టి మీరు పాముని పట్టుకోలేదని రాసివ్వండి అని. పట్టుకోలేదు, అదే నన్ను పట్టుకుంది అని రాసిచ్చాను. దాంతోపాటు జంతువు కాటుకి వాళ్ళు అందరికీ పంపే ఫారం ఒకటి నింపాలి. జంతువు యజమాని పేరు, చిరునామా, జంతువుకి రేబిస్ టీకా వేయించారా లేదా. ఏదీ ఖాళీగా వదిలితే ఆన్‌లైన్లో ముందుకు వెళ్ళదు. యజమాని దగ్గర "అడవి" అని, టీకా దగ్గర "తెలియదు" అని పెట్టాను.

ఫిబ్రవరి 11న 463 డాలర్లు పడ్డాయి, వంద వాళ్ళు కోసుకున్నారు. ఉంగరం ఇంకా లాడ్జి వాళ్ళు చుట్టి ఇచ్చిన టిష్యూలోనే ఉంది, సబ్బు వాసనతో. అమ్మ వీడియో కాల్‌లో ముందు వేలు చూపించమంటుంది, నేను కుడి చెయ్యి ఊపుతున్నాను.